బస్సుకి ఒక్క చప్పటే

నీలాటిపేట జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే హైమావతి టీచరు ఒక మంచి పని చేసింది. అదీ తలుపు తీసి ఉంచి చేసింది. ఆ తర్వాత జిల్లా అంతా పడ్డ అవస్థకి ఈ రెండూ కారణాలు.

తొమ్మిదో తరగతిలో గౌరి అని ఒక పిల్ల ఉంది. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఎర్నమ్మ కూతురు. లెక్కలంటే చురుకు. తెలుగు గడగడా చదివేస్తుంది. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే మాత్రం గొంతు పెగలదు. చిన్న మాటలైతే ఎలాగో నెట్టుకొచ్చేది గానీ, పొడుగాటి మాట ఎదురైతే రైలు గేటు పడ్డట్టు ఆగిపోయి, టీచరు పక్కపిల్లని లేపేదాకా నేల చూస్తూ నిలబడేది.

ఆ రోజు ‘ఇంటర్నేషనల్’ అన్న మాట దగ్గర గేటు పడింది. హైమావతి కోప్పడలేదు. ఆ మాటని నల్లబల్ల మీద పెద్దగా రాసి, మధ్యమధ్య నాలుగు అడ్డగీతలు పెట్టింది.

“చూడు. ఇన్... టర్... నేష్... అన్... అల్. ఇది పొడుగు మాటేం కాదే. ఐదు పొట్టి మాటలు చేతులు పట్టుకుని నిలబడ్డాయి. ఒక్కోదాన్నీ పలకరించుకుంటూ పో” అని, ముక్కకో చప్పట కొట్టి చూపించింది.

గౌరి భయంభయంగా చేతులెత్తింది. ఒక్కో చప్పటా కొట్టింది. ఐదోది కొట్టేసరికి మాట పూర్తయిపోయింది. ఆ పిల్ల తన చేతుల వంక తనే చూసుకుంది, అవి ఇంకెవరివో అన్నట్టు. తర్వాత టీచరు వద్దంటున్నా వినకుండా, వంటపాక దాకా పరుగెత్తి, “అమ్మా, ఇన్, టర్, నేష్, అన్, అల్!” అని తల్లి మొహం ముందు చప్పట్లు కొట్టి వచ్చింది. “ఓలమ్మ, దీనికేటయిందే!” అంది ఎర్నమ్మ, గరిటె పట్టుకునే నవ్వుతూ.

సరిగ్గా అప్పుడే వరండాలో జిల్లా విద్యా నవకల్పనాధికారి పరాంకుశం గారు నిలబడి ఉన్నారు. ఆయన వచ్చింది మరుగుదొడ్లకి తలుపులు లేవన్న ఫిర్యాదు విచారించడానికి. చప్పట్లు విని తనకే అనుకుని ఆగారు. కాదని తెలిశాక కూడా లోపలికి వచ్చారు.

“అద్భుతం! ఇది ఏ మాడ్యూల్లోదమ్మా?”

“మాడ్యూలేం లేదండీ. ఈ పిల్లకి చదవడం రావట్లేదని...”

“అంటే క్షేత్రస్థాయి ఆవిష్కరణ!” అన్నారు పరాంకుశం గారు. ఆయన కళ్లు చెమర్చాయి. “ఇన్నాళ్లూ ఇంగ్లీషు మన పిల్లలకి ఎందుకు అందలేదో ఇప్పుడు బోధపడింది. పొడుగ్గా ఉండబట్టి! నరికితే అందుతుంది.”

మరుగుదొడ్ల సంగతి మరిచిపోయి, ఆయన అలాగే కారెక్కి వెళ్లిపోయారు. హెడ్మాస్టరు ధనుంజయరావు ఊపిరి పీల్చుకున్నాడు. “మీరు బడిని కాపాడారమ్మా” అన్నాడు హైమావతితో.

తర్వాతి వారం ఉత్తర్వు వచ్చింది. దాని పేరు ‘పదఖండన మహోద్యమం’. బోధనాభ్యసన ప్రక్రియలో చారిత్రకమైన మలుపుగా, జిల్లాలోని ప్రభుత్వ పాఠశాలల ఆవరణలో ఉచ్చరించబడే ప్రతి ఇంగ్లీషు పదమూ విధిగా ఖండించబడవలెననీ, ఖండమునకు ఒక చప్పట చొప్పున చరచబడవలెననీ, రాతలో అయితే ఖండములకు మధ్య హైఫన్ అనబడు అడ్డగీత ఉంచబడవలెననీ అందులో ఉంది. చప్పట ఛాతీ ఎత్తున కొట్టాలి. కుడి అరచెయ్యి ఎడమదాని మీద పడాలి. చివరి బెంచీకి వినపడాలి. ఈ పద్ధతికి మార్గదర్శకురాలు నీలాటిపేట ఉపాధ్యాయురాలు శ్రీమతి హైమావతి అని కూడా రాశారు. ఆ వాక్యం చదివినప్పుడు ఆమెకి సంతోషం వేసిన మాట నిజమే. దాచడం ఎందుకు, ఆ కాగితం ఇంటికి తీసుకెళ్లి భర్తకి చూపించింది కూడా.

ముందు హాజరు దగ్గర తేడా వచ్చింది. ‘ప్రెజెంట్ సార్’ అంటే మూడు చప్పట్లు. తరగతిలో పిల్లలందరూ మూడేసి కొట్టి కూర్చునేసరికి మొదటి పీరియడు అయిపోయేది. లెక్కల మాస్టారికి మొదటి పీరియడు ఉండేది కనుక ఆయన ఈ ఉద్యమాన్ని మనసారా సమర్థించాడు.

ధనుంజయరావుకి ఫోను మోగితే చావొచ్చేది. ‘హలో’కి రెండు చప్పట్లు కొట్టాలి, కొట్టాలంటే ఫోను వదలాలి. మొదటిసారి నీళ్ల బకెట్లోకి వదిలాడు. ఆ తర్వాత చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకోవడం నేర్చుకున్నాడు గానీ మెడ అటే ఉండిపోయింది. బడి బోర్డు మళ్లీ రాయించారు. అడ్డగీతలకి చోటు చాలక పెయింటరు ‘హై స్కూల్’లో ‘స్కూల్’ని పక్కగోడ మీద రాశాడు. అటువైపు నుంచి వచ్చేవాళ్లకి బడి ఉన్నట్టూ, ఇటువైపు నుంచి వచ్చేవాళ్లకి ఏదో ఎత్తుగా ఉన్నట్టూ కనపడేది.

ఇంతవరకూ సరదాగానే గడిచింది. అసలు చిక్కు శిక్షణా తరగతుల్లో బయటపడింది.

జిల్లా కేంద్రంలో పెద్ద హాలు. టీచర్లందరూ అరచేతులు రుద్దుకుంటూ కూర్చున్నారు. పరాంకుశం గారు వేదిక మీద నుంచి, “బస్!” అన్నారు. హాలంతా ఒకేసారి రెండు చప్పట్లు మోగాయి.

ఆయన మొహం నల్లబడింది. “మళ్లీ. బస్!”

“బస్సు!” అన్నారు టీచర్లు. మళ్లీ రెండు.

“నిఘంటువు ప్రకారం ఆ పదానికి ఒక్కటే ఖండం. రెండో చప్పట ఎక్కడి నుంచి ఉత్పన్నమవుతోంది?”

మార్గదర్శకురాలు కనుక హైమావతే లేవాల్సి వచ్చింది. “చివర ఉకారం నుంచండీ. మన నోట్లో ఏ మాటైనా అచ్చుతో ఆగుతుంది కదండీ. బస్సు, కారు, బల్బు, స్కూలు...”

“అంటే ప్రతి పదానికీ ఒక చప్పట అదనంగా వెచ్చించబడుతోందన్నమాట. ఇది నష్టం కాదా? ఎవరు అనుమతించారు ఈ ఉకారాన్ని?”

“అది పుట్టుకతో వచ్చిందండీ.”

“తొలగించండి” అన్నారు పరాంకుశం గారు.

అలా ‘అధిక చప్పట్ల నివారణ’ మొదలైంది. బళ్లకి పర్యవేక్షకులు బయల్దేరారు. పిల్లల్ని లేపి ‘బస్’ అనమనడం, సు అన్నవాళ్ల పేర్లు రాసుకోవడం. బడికి ఎలా వచ్చావని అడిగితే బస్సులో అని తెలుగులో చెప్పిన పిల్లాడి మీద కూడా కేసు రాశారు. అది తెలుగు మాటో ఇంగ్లీషు మాటో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ అన్న మాటకి ఎన్ని చప్పట్లో ముందు తేల్చుకోమని ఎవరో అన్నారు గానీ అన్నవాడు దొరకలేదు.

ఒక పర్యవేక్షకుడు నీలాటిపేట వచ్చి గౌరినే లేపాడు. తొలి లబ్ధిదారు కదా. ‘చాక్లెట్’ అనమన్నాడు. గౌరి పుస్తకంలో గీతలు చూసుకుని, చాక్, ఓ, లేట్ అని మూడు కొట్టింది. “తప్పు. నోటితో పలికేది రెండే” అని రాసుకుని పోయాడు. ఆ పై వారం ఇంకొకాయన వచ్చాడు. అదే మాట. గౌరి రెండు కొట్టింది. “తప్పు. రాతలో మూడున్నాయి” అని ఆయనా రాసుకుని పోయాడు.

ఆ మర్నాడు హైమావతి పాఠం చదవమంటే గౌరి లేచి నిలబడింది గానీ చేతులు ఎత్తలేదు.

“నేను చదవను టీచర్. ఎన్ని కొట్టినా తప్పే అంటన్నారు.”

“నువ్వు చప్పట్లు మానెయ్యి. ఉత్తినే చదువు.”

“ఉత్తినే చదివితే మీ మీద రాస్తారంట కదా.”

తను మధ్యలో గీతలు పెట్టి చూపించిన మాటలు ఆ పిల్ల నోట్లోకి మళ్లీ వెనక్కి వెళ్లిపోయాయి. ఇంతకుముందు పొడుగు మాటలంటేనే భయం. ఇప్పుడు పొట్టివన్నా భయమే.

ఆ పిల్ల ఒక్కతే కాదు. మాటకింత శ్రమ పడలేక బళ్లో అందరూ ఇంగ్లీషుకి ఎడంగా జరగడం మొదలుపెట్టారు. సైన్సు మాస్టారు ఆక్సిజన్ని ప్రాణవాయువు చేశాడు. డ్రిల్లు మాస్టారు ఈల తప్ప నోరు వాడటం మానేశాడు. ఇంగ్లీషు పీరియడులో హైమావతి పాఠం కథంతా తెలుగులో చెప్పి గండం గట్టెక్కేది. ఎర్నమ్మ ఒక్కతే హాయిగా ఉండేది. “నాకీ గోలేటి లేదమ్మా. గుడ్డు, పప్పు, కూర. దేనికీ సప్పట్లు నేవు” అనేది.

ఆ మూడు నెలల నివేదికలో, జిల్లాలో విద్యార్థులు ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు చేసే తప్పులు దాదాపు శూన్యానికి చేరినట్టు పరాంకుశం గారు సగర్వంగా తెలియజేశారు. ఎవరూ మాట్లాడటం లేదన్న సంగతి చెప్పడానికి ఆ నమూనాలో గడి లేదు.

హైమావతి ఇక ఊరుకోలేకపోయింది. జిల్లా కేంద్రానికి వెళ్లి, పరాంకుశం గారి గది ముందు మధ్యాహ్నం దాకా నిలబడి, లోపలికి వెళ్లింది.

“సార్, అది ఒక్క పిల్ల కోసం చేసిన చిట్కా అండీ. కొందరికి పనికొస్తుంది, కొందరికి అక్కర్లేదు. అది పాఠం కాదు. గోడ పట్టుకుని నడక నేర్చుకోవడం లాంటిది. నడక వచ్చాక గోడ వదిలెయ్యాలి కదండీ.”

“మీరు చెప్పేది నేను సానుకూలంగా పరిశీలిస్తున్నాను” అన్నారు ఆయన. “జిల్లా అంతటా గోడ కట్టేశాం. ఇప్పుడు వదలమంటే ఎలా?” అని సొరుగులోంచి ఒక మెమో తీసి ఆమె ముందు పెట్టారు. మార్గదర్శకురాలి తరగతిలోనే చప్పట్లు నమోదు కాకపోవడం ఉద్దేశపూర్వక అలసత్వమట. సంజాయిషీ ఇవ్వాలట.

“అయితే ఒక అవకాశం ఇస్తున్నాను” అన్నారు ఆయన గొంతు తగ్గించి. “మంత్రిగారు వస్తున్నారు. విజయోత్సవ సభ మీ బళ్లోనే. ఆ పిల్ల స్వాగతోపన్యాసం ఇంగ్లీషులో చదువుతుంది. సవ్యంగా జరిగితే ఈ మెమో ఇక్కడే చించేస్తాను. ఏమైనా తేడా వస్తే మాత్రం దీని స్థానంలో సస్పెన్షన్ ఉత్తర్వు వస్తుంది.” ఆ సస్పెన్షన్ అన్న మాటకి మాత్రం మూడు చప్పట్లూ ఛాతీ ఎత్తున, స్పష్టంగా కొట్టారు.

సభ రోజు వచ్చింది. మండలంలోని బళ్లన్నిట్నించీ పిల్లల్ని లారీల్లో తెచ్చి మైదానంలో కూర్చోబెట్టారు. వాళ్లకి ఒకటే ఆజ్ఞ. ఏ ఇంగ్లీషు మాట చెవిన పడ్డా, ఎవరి నోట వచ్చినా, విడవకుండా ఖండించాలి. పొద్దుటి నుంచి అదే సాధన. గౌరి వేదిక పక్కన కాగితం పట్టుకుని నిలబడింది. ఆ కాగితం నిండా అడ్డగీతలు. దూరం నుంచి చూస్తే కంచె వేసినట్టుంది.

“చదవగలవా?” అంది హైమావతి.

“మీ ఉద్యోగం పోద్దంట కదా టీచర్” అంది గౌరి. చదువుతానని చెప్పలేదు, చదవనని చెప్పలేదు.

మంత్రిగారు ఆలస్యంగా వచ్చారు. ఇంకో సభకి వెళ్లాలి కనుక స్వాగతం కంటే ముందే మాట్లాడేస్తానన్నారు. మైకు ముందుకొచ్చి, అందరు నాయకుల్లాగే సగం తెలుగూ సగం ఇంగ్లీషూ మొదలుపెట్టారు.

“మన గవర్నమెంట్...”

మైదానమంతా మూడు చప్పట్లు. ఒక్కసారిగా, పిడుగు పడ్డట్టు. మంత్రిగారు మురిసిపోయారు. మూడే మూడు కొట్టి ఆగే జనాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు.

“డెవలప్మెంట్ విషయంలో...”

నాలుగు. ఆయన చిరునవ్వుతో చెయ్యి ఊపారు.

“ప్రతి విలేజ్‌కీ రోడ్, ప్రతి హౌస్‌కీ వాటర్...”

రెండు, ఒకటి, ఒకటి, రెండు. మాట మాటకీ చప్పట్లు. మంత్రిగారి చిరునవ్వు సన్నగిల్లింది. ఆయన కాలేజీ రోజుల నుంచీ సభల్లో తిరిగినవాడు. వక్త మాట్లాడుతుంటే జనం ఆపకుండా చప్పట్లు కొట్టారంటే దాని అర్థం ఏమిటో బాగా తెలుసు. ఇక దిగు బాబూ అని.

“ప్లీజ్” అన్నారు.

ఒక చప్పట.

“స్టాప్!”

ఒకటి.

“సైలెన్స్!”

రెండు.

“ఇదంతా అపోజిషన్ వాళ్ల ప్లాన్!”

నాలుగు, ఒకటి. ఆ ఒకటి మరీ గట్టిగా పడింది. వెనకున్న ఊరివాళ్లు కూడా హుషారెక్కి కొట్టేశారు, అదెందుకో వాళ్లకి తెలియకపోయినా.

మంత్రిగారి మొహం కందగడ్డలా అయింది. పరాంకుశం గారు పరుగున వచ్చి మైకు అందుకున్నారు. “స్టూడెంట్స్!” అన్నారు. రెండు. “డిసిప్లిన్!” మూడు. “కంట్రోల్! కంట్రోల్!” రెండు, మళ్లీ రెండు. జీవితమంతా ఉత్తర్వుల భాషలో గడిపిన మనిషికి, ఆ కంగారులో, పిల్లల్ని ఊరుకోబెట్టే మాట ఒక్కటీ తెలుగులో గుర్తు రాలేదు. ఎస్సై గారు, “పోలీస్!” అని అరిచారు. రెండు.

ధనుంజయరావు వంకర మెడతోనే హైమావతి దగ్గరికి వచ్చాడు. “ఏదో ఒకటి చెయ్యండమ్మా, మీరు పెట్టిన చిచ్చే కదా.”

హైమావతి వెంటనే కదల్లేదు. ఆపడం ఎలాగో ఆమెకి తెలుసు. అయినా ఇంకో రెండు మాటలు వినాలనిపించింది. పరాంకుశం గారు “ఎమర్జెన్సీ!” అని నాలుగు చప్పట్లు తినేదాకా ఆగింది. పాపమో పుణ్యమో, ఆ కాసేపూ ఆమెకి మహా హాయిగా ఉంది. అప్పుడు వేదిక మూల వణికిపోతున్న గౌరి కనపడింది. ఇంక లాభం లేదని మెట్లెక్కి మైకు ముందు నిలబడింది.

“పిల్లలూ, చేతులు కట్టుకోండి.”

మైదానమంతా చేతులు కట్టుకుంది. ఎక్కడో ఏడుస్తున్న చంటిపిల్ల గొంతు వినపడేంత నిశ్శబ్దం. ఊరివాళ్లూ కట్టుకున్నారు. అలవాటు మీద ధనుంజయరావు, ఎస్సై, పరాంకుశం గారు కూడా కట్టుకున్నారు.

“థ్యాంక్యూ అమ్మా” అన్నారు మంత్రిగారు. పిల్లల భుజాలు రెండుసార్లు అదిరాయి. అంతే.

ఆయన ఇక ఉపన్యాసం జోలికి పోలేదు. కుర్చీలో కూలబడి, “ఆ పిల్లనేదో చదవమనండి” అన్నారు.

గౌరి మైకు ముందుకొచ్చింది. కాగితాన్ని మైకు బల్ల మీద పెట్టింది. టీచరు చెప్పింది కదాని తనూ చేతులు కట్టుకుంది. మొదటి మాట దగ్గర ఆగింది. గౌరి కాగితంలోని గీతల్ని కాదు, మెట్లు దిగి ఎదురుగా నిలబడ్డ టీచరుని చూసింది. చూసి, చదవడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, ఉకారాలతో సహా. ‘రెస్పాన్సిబిలిటీ’ దగ్గర కాస్త తడబడి, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, దాటేసింది. లెక్క పెట్టేవాళ్లు ఎవరూ లేరు. పర్యవేక్షకుల చేతులూ కట్టే ఉన్నాయి.

చదవడం అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరికీ ధైర్యం చాల్లేదు.

మంత్రిగారు వెళ్తూ వెళ్తూ, కారు దగ్గర పరాంకుశం గారితో రెండు మాటలన్నారు. “ఇంకోసారి నా ఎదుట ఎవడైనా చప్పట్లు కొట్టాడో నిన్ను మన్యంలో పడేస్తాను” అన్నది మొదటిది. “ఆ టీచరమ్మ ఒక్క ముక్కంటే అంతమంది చేతులు కట్టుకున్నారు చూశావా, చదువంటే అదీ” అన్నది రెండోది.

పదఖండన మహోద్యమం లక్ష్యాలన్నీ సాధించినందున ముగిసినట్టు మర్నాడే ఉత్తర్వు వచ్చింది. హైమావతి మీద మెమో ఏమైందో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. పర్యవేక్షకులు వెనక్కి వెళ్లిపోయారు. ధనుంజయరావు మెడ నెమ్మదిగా దారిలో పడింది.

ఆ పై వారం ఆయనే ఇంకో ఉత్తర్వు పట్టుకుని వంటపాక దగ్గరికి వచ్చాడు. హైమావతి అక్కడ ఎర్నమ్మ పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. “కరబంధన విద్యాభియాన్ అటండీ” అన్నాడు ఆయన నీరసంగా. “ఇకమీదట బడి ఆవరణలో పిల్లలూ, సిబ్బందీ చేతులు కట్టుకునే ఉండాలట. మార్గదర్శకురాలు... మీరేనండి.” అని కాగితం ఆమె ఒళ్లో పెట్టి, ఆలోచించుకుని, చేతులు కట్టుకుని వెళ్లిపోయాడు.

“ఈపాలి ఏటంటమ్మా?” అంది ఎర్నమ్మ.

“చేతులు కట్టుకోవాలట.”

“మరి గుడ్లెవులొలుస్తారు?”

హైమావతి ఆ కాగితాన్ని పొయ్యి దగ్గరున్న చిదుగుల మీద పెట్టి, గుడ్ల గిన్నె తన వైపు లాక్కుని ఒలవడం మొదలుపెట్టింది. ఎర్నమ్మ కూడా ఒలుస్తోంది. అవతల గౌరి ఖాళీ అయిన నూనె ప్యాకెట్లు మడతపెడుతూ ఆగి, ఒకదాని మీద చిన్న అక్షరాల్లో ఉన్నదేదో తనలో తను చదువుకుంటోంది. పెదాలు తప్ప ఏమీ కదలడం లేదు.

“పాలీ... అన్... శాచురేటెడ్” అంది. కాసేపాగి, ఈసారి ఎక్కడా ఆగకుండా, “పాలీఅన్‌శాచురేటెడ్” అంది.

ఎర్నమ్మ చేతిలో గుడ్డు ఆగింది. హైమావతి చేతిలోదీ ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వరండా వైపు చూశారు. తర్వాత ఏమీ విననట్టు తలలు దించుకుని గబగబా ఒలుచుకోసాగారు.